ఐదున్నర పొద్దు

"మామ్మా, సన్‌సెట్ ఫోటో కోసం వాండూరు దాకా స్కూటీ మీద పరిగెట్టాను. వెళ్ళేసరికి అయిపోయింది. ఎందుకు నవ్వుతున్నావ్?"

నవ్వు రాదేటే మరి! మీ తాతా ఇలాగే పరిగెట్టినాడు, అదే వాండూరు ఒడ్డుకి. అప్పటికి మీ నాన్న పుట్టనేదు. కాదు కాదు, పుట్టినాడు, సంకలో ఉన్నాడు. ఆడ్ని పక్కింటి దీదీకి అప్పజెప్పి ఎల్లినాం. ఈ దీవికొచ్చి డిగ్నాబాద్‌లో ఉండీవోళ్ళం అప్పుడు. మీ తాత వర్క్‌షాపులో ఫిట్టరు.

ఎందుకంటావా, మా అత్త కోసం. మీ తాత కన్నతల్లే. కళింగపట్నంలో పెద్దకొడుకు ఇంట్లో ఉండీది, సేపల బుట్ట నెత్తినెట్టుకుని ఊరంతా తిరిగీది. నోరు మాత్రం... సరే, సచ్చినోళ్ళ గురించి మనకెందుకులే. మీ తాత సెలవుకెల్లి ఊరికే అన్నాడు, "అమ్మా, మా కాడ పొద్దు సముద్రంలో మునుగుతాది" అని. ఆవిడ ఈదందరి ముందూ పట్టుకుంది. "సముద్రం పొద్దుని కంటాది గానీ మింగుతాదేట్రా? నీ మాట నీటి మూట. ఇల్లు కట్టినానన్నావు, కడుపునిండా తింటన్నామన్నావు, అయ్యీ ఇలాటియ్యేనా?" అంది.

అదీ ఆయన్ని కోసీసింది. పొద్దు సంగతి కాదే, కొడుకు అక్కడ పస్తులుండి అబద్ధాలాడతన్నాడని ఆవిడ అనుకుంటంది, మాలూమ్? అందుకని ఫోటో తీసి పంపాలన్నాడు.

కెమెరా ఎవడికుంది అప్పుడు? బజార్లో ఓ బెంగాలీ దాదాకి స్టూడియో ఉండీది. ఆయన్ని బతిమాలి తీసుకెల్లినాడు. ఒకసారి మబ్బేసీసింది. ఇంకోసారి బస్సు దారిలోనే ఆగిపోయింది. ఆ మరుసటిసారి బస్సు దిగీసరికి పొద్దు జారిపోతంది! మీ తాత ముందు, దాదా ఎనక, మా ఇంటి గడియారం సంకలో ఎట్టుకుని నేను. సెప్పొకటి ఇసకలోనే వొగ్గేసినాను, కొత్తది.

గడియారమెందుకా? నలుపూ తెలుపూ ఫోటో కదే, పొద్దు పొడుస్తందో మునుగుతందో ఎలా తెలుస్తాది? సాయంత్రమని తెలవాల కదా. అదీ మీ తాత బుర్ర. దాదా కాడ ఫ్లాషు బల్బొకటే ఉంది, ఒకసారి ఎలిగితే ఇంక పారీడమే. ఆ బల్బు ఖరీదుకి మంచి సూరసేప వొచ్చీది ఆ రోజుల్లో. గడియారం పట్టుకుని పొద్దుకి ముందు నిలబడ్డాను. "దీదీ, హిలో మత్!" అన్నాడు దాదా, కదలొద్దని. ఫట్‌మంది. గడియారంలో ఐదున్నర.

మా తమ్ముడు వైజాగ్ జహాజులో ఎల్తంటే ఆడి సేతికిచ్చినాం. ఆడు తిరిగొచ్చినరోజు మీ తాత డ్యూటీ మానీసి జెట్టీ కాడే నిలబడ్డాడు. "బావా, కొంప మునిగింది. ఐదున్నర సూసి అందరూ తెల్లారిందనుకున్నారు" అన్నాడు ఆడు.

అర్థమైందా? ఎండాకాలం అది. బాగా తూర్పుకున్న దీవి కదా, ఇక్కడ ఐదున్నరకి పొద్దు దిగిపోతాది. అక్కడ సాయంత్రం ఐదున్నరంటే ఇంకా ఎండ సురుక్కుమంటాది. పొద్దున్న ఐదున్నరకే సముద్రంలోంచి పైకొస్తాది. ఇన్నేళ్ళు ఈడుండి మాకా సంగతే తట్టనేదు సూడు!

"మరి అమ్మేటందిరా?" అన్నాడు మీ తాత. 

ఆవిడ ఫోటో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిందంట. "సూడండి, నా కొడుకు కాడా మనలాగే తెల్లారతంది. కోడలు సూడండి, బుగ్గలెలాగున్నాయో! తిండికి లోటుంటే అలాగుంటాదేటి? నా కొడుకు బాగున్నాడు" అందంట.

మా తమ్ముడు ఊరుకోడు కదా. "ఇంకోటి తీయించు బావా, ఈసారి సాయంత్రమని రాసి పంపుదాం" అన్నాడు. మీ తాత వొద్దన్నాడు. "తెల్లారిందనే అనుకోనీరా" అన్నాడు. ఇంటికొచ్చి, అన్నం పెట్టమన్నాడు. అంతే, ఇంకెప్పుడూ ఆ మాటెత్తనేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పొయ్యి పొగని సెప్పినాన్లే.

సరే, నువ్వు రేపెల్లు, కాస్త ముందే బయల్దేరు. దేవుడు నిన్ను సల్లగా సూడాల తల్లీ. ఆ ఫోటోలో నీ మొకం కూడా పడనీ, ఉత్త పొద్దెవడిక్కావాల...