జి తర్వాత హెచ్

(మధ్యాహ్నం ఇంటర్వెల్. అశ్వారావుపేట రోడ్డులో, పామాయిల్ తోటల నడుమ ఉన్న 'బ్రైట్ పామ్ ఇంగ్లీష్ మీడియం స్కూల్'. కరస్పాండెంట్ వెంకటరామారావు గది. ఎదురుగా ఇంగ్లీష్ టీచర్ మహిమ.)

"అంటే ఏంటి మహిమగారూ, ఏడో తరగతిలో నలభై రెండు మంది తప్పు రాశారు, ఒక్క పిల్ల రైటు రాసింది. అంతేగా మీరు చెప్పేది?"

"అంతే సార్."

"ఆ నలభై రెండు మందిలో మా మనవడు ఉదయ్ భాస్కర్ కూడా ఉన్నాడు."

"ఉన్నడు సార్. రైటింగ్ మాత్రం ముత్యాలే. పదికి పది ముత్యాల లెక్క తప్పు రాసిండు."

"వెటకారమా?"

"మెచ్చుకుంటున్న సార్."

"ఈ పోటీ పెట్టమన్నది నేను. మన స్కూలు పేరులో 'బ్రైట్' ఉంది, ఆరక్షరాలు. దాని చివరున్న మూడు అక్షరాలే చివర రావాలి, మొత్తం ఆరే ఉండాలి, అలాంటి ఇంగ్లీష్ మాటలు పది రాయండి అని మైకులో చెప్పింది నేను. ఎంత బాగా ఆలోచించాను!"

"గెలిచినోళ్లకు పదో తరగతి దాకా ఫ్రీ సీటు అన్నది కూడ మీరే. అది కూడ మైకుల్నే అన్నరు."

"ఏదో ఊపులో అన్నాను. గెలిచేది మావాడే కదా అని."

"మీ స్కూల్ల మీ మనవడికి ఫ్రీ సీటా? శానా పెద్ద దానం సార్."

"ఆ మాట వదిలేయండి. ఎవరా పిల్ల?"

"ద్వాలి. మీ తోటల గెలలు కోస్తడే రెడ్యా, ఆయన బిడ్డ. ఈ సీటు రాకుంటే వచ్చే నెల నుంచి బడి బంద్. తోటల రాలిన పండ్లు ఏరే పనికి తోలుకపోతా అని రెడ్యా నాతోటి చెప్పిండు. ఏడ్చుకుంట చెప్పిండు సార్."

"టై లేని పిల్ల కదూ? నిన్న వరండాలో నిలబెట్టానే?"

"నిన్న, మొన్న, అటు మొన్న. ఇయ్యాల గూడ ఆడనే ఉంది. ఆ పిల్లకు ఉత్తరం రాస్తే వరండా అడ్రస్‌కే రాయాలె."

"అయితే చూసి రాసుంటుంది."

"ఎవర్ని చూసి? నలభై రెండు మంది తప్పు రాస్తే, రైటు ఎవరి పేపర్ల కనబడ్డది సార్?"

"ఊఁ. మీరే చెవిలో చెప్పుంటారు."

"చెప్పిన. చెవుల కాదు, క్లాసుల. నలభై మూడు మందికీ చెప్పిన. ఈ ఒక్క పిల్ల వరండాల నుంచే విన్నది."

"ఏదీ, పేపరిలా ఇవ్వండి. ఫ్లైట్, హైట్, వెయిట్... ఇదేంటి, టాట్?"

"నేర్పిన అని అర్థం సార్. అది గూడ ఆరక్షరాలే."

"నాకు నమ్మకం లేదు. మళ్లీ రాయాలి. ఇప్పుడే. పక్కన మీరు ఉండకూడదు, ఎవరూ ఉండకూడదు."

"రాయించండి. నిద్రల లేపినా రాస్తది. కానీ దిద్దేది మాత్రం దీన్ని చూసి. మీ మాట వద్దు, నా మాట వద్దు. ఇగో డిక్షనరీ."

"ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే?"

"సీటు ఇయ్యకండి. నోరు మూసుకొని పోత. అన్నీ రైటు అయితే?"

"ఆదివారం బహుమతుల ఫంక్షన్‌లో నా చేత్తో ఇస్తా. మాటంటే మాటే."

"మైకుల మాటనా, మామూలు మాటనా?"

"అబ్బబ్బ, మాటేనమ్మా! ఆంథోనీ! ఒరే ఆంథోనీ!"

"సార్!"

"వరండాలో ఉన్న ఆ రెడ్యా కూతురితో మళ్లీ పది మాటలు రాయించు. తెల్లకాగితం, పెన్ను ఇచ్చి నువ్వు దూరంగా నిలబడు. రాశాక ఇక్కడికి తీసుకురా."

"ఆమెకు టై లేదు గదా సార్. టై లేనోళ్లను రూంలకు రానియ్యొద్దని మీరే అన్నరు."

"స్టోర్లోంచి ఓ టై పడెయ్. బెల్టూ, డైరీ కూడా ఇవ్వు. ఊరికే ఇవ్వు. చూశారా టీచరమ్మా? మీరంతా అనుకునేంత చెడ్డవాణ్ణి కాదు."

"థ్యాంక్స్ సార్. ఇది మాత్రం వెటకారం కాదు. ఆ టై కోసం ఆ పిల్ల ఎన్ని దినాలు ఏడ్చిందో."

"సరే గానీ, మీరు క్లాసులో చెప్పానంటున్నారు. మరి నలభై రెండు మందికి ఎందుకు రాలేదు? ఏం పాఠం చెబుతున్నట్టు?"

"నాకూ గదే పరేషాన్ సార్. బ్లాక్ బోర్డు మీద రాస్తే పిల్లలు నన్నే దిద్దుతున్నరు. 'మేడం, మీకు స్పెల్లింగ్ రాదు, బస్సు మీద చూడండి' అంటున్నరు. పోయి చూసిన."

"బస్సు మీద ఏముంది? మన పేరేగా?"

"మీ టేబుల్ మీద కూడ ఉంది, ఆ డైరీ అట్ట మీద. ఒకసారి చెప్పండి."

"బ్రైట్ పామ్ ఇంగ్లీష్..."

"చదవొద్దు సార్. అక్షరాలు ఒక్కొక్కటే చెప్పండి."

"నాకే పరీక్షా? బి. ఆర్. ఐ. జి. టి. హెచ్."

"మల్లొకసారి."

"జి... టి... హెచ్."

"జి తర్వాత హెచ్ రావాలె సార్. ఆ తర్వాత టి."

"ఆగండాగండి. నా కళ్లజోడేదీ?"

"పెట్టుకున్నా గంతనే ఉంటది."

"అది... అది కావాలని పెట్టించిందే. న్యూమరాలజీ. కలిసొస్తుందన్నారు."

"అవే ఆరక్షరాలు సార్. అటుది ఇటు పెడితే కూడిక మారుతదా?"

"మీరు ఇంగ్లీష్ టీచరా, లెక్కల టీచరా?"

"లెక్కల సార్‌ను పోయిన నెల పంపించిండ్రు గదా. అప్పట్నుంచి రెండూ నేనే."

"పదకొండేళ్లు! పదకొండేళ్లలో ఒక్కడంటే ఒక్కడు నాకు చెప్పలేదే!"

"లెక్కల సార్ మీ రూంలకు వచ్చి ఏం చెప్పిండు మరి?"

"అది... అది వేరే. పాత సంగతులు తియ్యకండి."

"తియ్యను సార్. నాకు నౌకరీ కావాలె."

"నాలుగు బస్సులు. గేటు మీద బోర్డు. ఆదివారానికి మావాడి ఫొటోతో ఫ్లెక్సీ కూడా కొట్టించేశాను..."

"చూసిన. దాని మీద గూడ జి టి హెచ్చే. బయట జనం మనదాన్ని 'పాము బడి' అంటరు గాని, తప్పు పాము దగ్గర లేదు సార్, దాని ముందు మాట దగ్గర ఉంది."

"నవ్వకండి. ఒక స్పెల్లింగుకి నలభై రెండు మంది చెడిపోతారా?"

"ఎందుకు చెడిపోరు? నేను చెప్పేది దినానికి ఒక్క పీరియడ్. బస్సు ఎక్కితే అదే, బెల్టు బిళ్ల మీద అదే, డైరీ తీస్తే అదే. తలకాయ వంచితే టై మీద అదే. నేను ముప్పావు గంట చెప్తే, టై పొద్దంతా చెప్తది సార్."

"మరి ఆ ఒక్క పిల్లకి ఎలా వచ్చింది?"

"తండ్రితోటి తోటల నుంచి అడ్డం పడి వెనక గేటు నుంచి వస్తది. బస్సు లేదు, డైరీ లేదు. ముందు గేటు బోర్డే సరిగ చూడలే. ఆ పిల్లకు నేనొక్కదాన్నే దిక్కు, అందుకే నేర్చుకుంది."

"అంటే నా దగ్గర అన్నీ కొన్నవాళ్లకి చదువు రాలేదు, ఏదీ కొననిదానికి వచ్చింది. అంతేనా?"

"నేను గట్ల అనలే. మీరే మంచిగ చెప్పిండ్రు."

"గెలిచారమ్మా, గెలిచారు. డిక్షనరీ కూడా మీ పక్షమే. టై లేకపోవడమే ఆ పిల్ల అదృష్టం అంటారు."

"అవ్ సార్. మెడల టై లేదు కాబట్టే..."

"లేదేంటి? ఇందాకే కదా ఆంథోనితో ఇప్పించాను?"

"అయ్యో! ఆ టై..."

"ఏమైందమ్మా? కూర్చోండి."

"ఆంథోనన్నా! ఆ పిల్ల రాసుడు ఆపు! ఆ టై తియ్యి, జల్దీ!"

"ఎందుకు మేడం, అయిపోయింది గదా. పా ద్వాలీ, పో లోపటికి. టై కట్టినంక ఎంత సంబరపడ్డదో సార్! దాన్నే చూసుకుంట కూసుంది."

"ద్వాలీ... ఎట్ల రాసినవ్ బిడ్డా? ముందు రాసినట్టే రాసినవ్ గదా?"

"ముందు గట్లనే రాసిన మేడం. మల్ల టై చూసుకుంటే తప్పని తెలిసింది. అన్నీ కొట్టేసి, పదికి పది మంచిగ రాసిన!"