పరకాల బస్సులో ఒక కునుకు

ఈ పదవీ విరమణ సభలో నా మాటలను, 1955 ఆగస్టు పదహారున శ్రీ సారంగపాణి గారు కండక్టరుగా ఉద్యోగంలో చేరారన్న వాక్యంతో మొదలుపెడితే ఆయన ఎవరో తెలుస్తుందా అని నాలో నేనే తర్కించుకుంటున్నాను. తేదీ నిజమే. వర్ధన్నపేట రైతు కుటుంబం నుంచి వచ్చి, టికెట్ల సంచీ భుజాన వేసుకుని ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, ఆపై పార్సిల్ ఆఫీసులో మిర్చి బస్తాల ఘాటుకు తుమ్ముతూ కొంతకాలం పనిచేసి, 1972లో మన డిపోకు కంట్రోలరుగా వచ్చారు. ఏ బస్సును ఎవరు నడపాలో నిర్ణయించే బాధ్యత అది. రవాణా ఉద్యోగమంటే ఒకరి ప్రాణాన్ని ఇంకొకరి చేతికి అప్పగించడమేనని తరచూ అనేవారు. అందుకేనేమో, తాను బస్సెక్కితే మాత్రం ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని, దిగేదాకా రెప్ప వాల్చేవారు కారు. మేము చాటుగా ఆ భంగిమను అనుకరించి నవ్వుకునేవాళ్లం.

1979 వానాకాలంలో డ్రైవరు ఏలియా గారి బస్సు పరకాల దారిలో ఎద్దుబండిని తప్పించబోయి కల్వర్టు పక్కకు ఒరిగిపోయింది. ప్రాణనష్టం లేదు, ఆయన తప్పూ లేదని విచారణలో తేలింది. కానీ తిరిగి డ్యూటీకి వచ్చిన రోజు ఆయన స్టీరింగు ముందు కూర్చుని కదలలేదు. ఈ పరకాల ట్రిప్పు నడపకపోతే డ్రైవరుగా పనికిరారని రాయక తప్పదని మేనేజరు గారు అప్పటికే చెప్పి ఉన్నారు. ఆ బస్సుకు కండక్టరును నేను. 'రైట్' అనడానికి నాకు నోరు రాలేదు.

"ఏంది బిడ్డా, ముహూర్తం సూస్తానవా? ఆడ నా బర్రె నన్ను తిట్టుకుంటాంది!" అంది సమ్మమ్మ అనే ముసలామె.

"మంచిగ కూసున్నడు, చాయ్ తెప్పియ్యరాదుండ్రి!" అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు.

సారంగపాణి గారు బస్సెక్కి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు.

"సార్, చేతులు వణుకుతానయ్," అన్నారు ఏలియా గారు.

"వణకనియ్. నాయి వణుకుతలేవా, సూడు." కడ్డీ మీది తన చేతులు చూపించారు. "నాకు పరకాలల పనున్నది. పోదాం పా తమ్మీ."

ఇంజను మోగింది. బస్సు కదిలింది. తడిసిన రోడ్డు మీద ఆ కల్వర్టు కనబడగానే బస్సు మందగించి, మందగించి, ఆగిపోయేంతలో ఏలియా గారు పక్కకు చూశారు. సారంగపాణి గారు కడ్డీ వదిలేశారు. చేతులు కట్టుకుని, తల కిటికీకి ఆనించి, కళ్లు మూసుకున్నారు.

"అన్నా, సారు నిజంగనే పండుకున్నడా?" అని నన్నడిగారు ఏలియా గారు, గొంతు తగ్గించి.

"ఏమో. గురక పెడతాండు."

బస్సు కల్వర్టు దాటింది. పరకాలలో సారంగపాణి గారికి ఏ పనీ లేదు. చాయ్ తాగి, మాతోనే వెనక్కి వచ్చారు. ఏలియా గారు నేటికీ ఆ దారిలో బస్సు నడుపుతున్నారు.

ఆ గురక నిజమా నటనా అని నేను ఈ ఏడేళ్లలో అడగలేదు. భయపడుతూనే కళ్లు మూసుకున్న మనిషి ఇచ్చిన నమ్మకానికి ఆ ప్రశ్న తగదనిపించింది.

నేటి సభ ముగిశాక వారినీ, వారి సతీమణి శ్రీమతి అనసూయ గారినీ వర్ధన్నపేటకు చేర్చేది ఏలియా గారి బస్సే. 'రైట్' అనేది నేనే. సారంగపాణి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, దీర్ఘాయువుతో వర్ధిల్లాలనీ, ఈసారి ఊరు చేరేదాకా ఆ కడ్డీ ముట్టకుండా, నిజంగానే కునుకు తీయాలనీ మా అందరి ఆకాంక్ష.