డ్రమ్స్ ఆగిన చోటు

ఇన్నాళ్ళకు వెతుకుతున్న మనిషి దొరికాడని ఓ అభిమాని జాజ్ రికార్డును చేతికిస్తే, గడియారాలు బాగుచేసే ముసలాయన దాన్ని వెనక్కి తోసేశాడు.

"అది నేను కాదు."

"అట్ట వెనక చిన్నక్షరాల్లో ఉన్నది మీ పేరే మాస్టారూ. డ్రమ్స్ మీవే. రెండో పాటలో ఉన్నట్టుండి ఆపేస్తారే, పాతికేళ్ళుగా ఆ నిశ్శబ్దం కోసమే వింటున్నాను."

"ఆపలేదు. చేతిలో కర్ర జారిపోయింది."

అతను రికార్డు అట్టను మరోసారి తిప్పి చూశాడు.

"నలుగురిలో తలెత్తుకోలేక ఆ రోజే మానేశాను. మళ్ళీ వినలేదు. ఇక వెళ్ళండి."

"జారిందో, ఆపారో నాకు తెలీదు. అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ ఊపిరి బిగబట్టాను."

ముసలాయన కంటికున్న భూతద్దం తీశాడు. గోడ నిండా గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి.

"లోపల ప్లేయర్ ఉంది," అన్నాడు చివరికి. "ముందు ఈ గడియారాలన్నీ ఆపు."