జోడు పటాలు

నంద్యాలలో ఫోటోలు చూసి రంగుల పటాలు గీసే అంగడి అది. ఆళ్లగడ్డ బస్సు దిగి వచ్చిన ముసలామె ముందు గీసేవాడు రెండు పటాలు పెట్టాడు.

“ఇది మా ఇంటాయనది. ఈ రెండోది ఎవురిదప్పా?”

“నీదే అవ్వా.”

“నా తల ఇంత నల్లగా యాడుంది? మొగమ్మింద ముడతలన్నీ ఏమైపాయె?”

“ముసలి ఆడోళ్లను అట్లే గీస్తాం. ఎనభై ఏండ్లామెకు గూడా ముప్పై మించి పెట్టం. నీ కొడుకూ అదే చెప్పిపోయినాడు.”

“ఏమన్నాడు వాడు?”

“నాయన పక్కన నిన్ను ఉన్నదున్నట్టు పెడితే, చూసినోళ్లు తల్లీ కొడుకులనుకుంటారంట.”

“అనుకోరా మరి! డోన్‌లో రైలుపట్టాల పనికాడ ఆయప్ప పోయేనాటికి ఇరవై ఎనిమిదేండ్లు. నాకిప్పుడు డెబ్బై. ఒక్కదాన్నే బండలు మోసి పిల్లోళ్లను సాకినా. నా మొగం నాకుండనీ.”

“అప్పుడు జోడు కుదిరేదెట్లవ్వా?”

“ఆయప్పను ముసలోన్ని చెయ్యి.”

గీసేవాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“ముసలోళ్లను పడుచోళ్లను చేసేదే నా పని. పడుచుతనంలో పోయినోన్ని ముసలోన్ని చేయమని ఇంతవరకూ ఎవురూ అడగలే.”

“నేనడుగుతాండా. మీసం తెల్లగా చెయ్యి. బుగ్గలు లోపలికి పోనీ.”

“సరేలే. తల నెరిసిందా, బట్టతలనా? నువ్వెట్ల చెప్తే అట్ల గీస్తా.”

“నాకేం తెల్సు నాయనా? కండ్లు మూసుకుంటే ఎప్పుడూ ఆ పడుచోడే కనపడతాండాడు. ముసలోడై ఉంటే ఎట్లుండేవాడో చూడాలనే అడుగుతాండా.”