మూత వెనక సీతాకోకచిలుక

బంకులో తండ్రి పాత ఖరీదైన కారు ట్యాంకు మూత తెరిచిన కూతురు అక్కడే నిలబడిపోవడం చూసి ఆయన విసుక్కున్నాడు.

"మామూలు పెట్రోలే పోయించమ్మా. రేపు తుక్కు కొట్టుకి పోయేదానికి సోకులెందుకు?"

"ఇంజను పోయిందని ఎవరన్నారు నాన్నా?"

"ఒకరు చెప్పాలా? ఎత్తెక్కితే చాలు, గులకరాళ్ళు పోసినట్టు టకటకమంటుంది. అందుకేగా కొండమీద మీ అత్తని చూసి ఏళ్ళయింది!"

"నా చిన్నప్పుడూ అలాగే అనేదిగా, అప్పుడేం ముసలిదా? ఏ పెట్రోలు పొయ్యాలో ఈ మూత వెనకే రాసుంటుంది. దాని మీద ఈ సీతాకోకచిలుక స్టిక్కరు అంటించిందెవరు?"

"ఇంకెవరు, నువ్వే. పీకబోతే బంకు అదిరిపోయేలా ఏడ్చావు."

"తర్వాతైనా పీకొచ్చుగా?"

"చేతులు రాలేదే."

ఆమె గోటితో అంచు లేపి, స్టిక్కరు నెమ్మదిగా ఊడదీసింది.

"చదువు నాన్నా."

"ఆక్టేన్ తొంభై అయిదుకి తగ్గరాదు... ఓరి నాయనో, మనం పోసేది తొంభై ఒకటి!"

"అందుకే ఆ మోత. ఆక్టేన్ తక్కువైతే పెట్రోలు ముందే అంటుకుని ఇంజను కొట్టుకుంటుంది. ట్యాంకు ఎలాగూ ఖాళీ. తొంభై అయిదు నింపి కొండెక్కుదాం. అప్పుడూ టకటకమంటే తాళాలు నేనే ఇచ్చేస్తా."

ఆయన ఫోను తీశాడు.

"తుక్కు కొట్టువాడికా?"

"మీ అత్తకి. వస్తున్నామని చెప్పొద్దూ? ఆ బొమ్మ పారేయకు, ఇలా ఇవ్వు."