ఇకారియోస్ పోసిన ద్రాక్షసారా

ఆగాగు అమ్మాయ్, ముందు నీళ్ళు పొయ్యి. మూడొంతులు నీళ్ళు, ఆ పైన ద్రాక్షసారా. మీ పుట్టింటివైపు ఎలా తాగుతారో గానీ ఈ ఊళ్ళో ఉత్తది ఎవరూ తాగరు. ఎందుకా? మీ ఆయన చెప్పలేదూ? వాడేం చెప్తాడులే, గొర్రెల గురించి తప్ప నోరు విప్పడు, అచ్చం వాళ్ళమ్మే. ఇకారియోస్ అని ఉండేవాడు, ఆ దిగువ తోటాయన. దియోనీసోస్ దేవుడు వాళ్ళింట్లో భోంచేసి, ద్రాక్షతీగ నాటడం నేర్పి వెళ్ళాడనేవాడు. దేవుణ్ణి నేను చూళ్ళేదు, తీగను చూశాను. మొదటి కాపు పళ్ళు తొక్కి, పులియబెట్టి, తోలుతిత్తుల్లో పోసి, బండిమీద మేం గొర్రెలు మేపే కొండకి తెచ్చాడు. "తాగండర్రా, దిగులు పోతుంది" అని. అప్పటిదాకా మాకు పాలు తెలుసు, నీళ్ళు తెలుసు, అంతే. దాహంమీదున్నాం, పాలు తాగినట్టే గటగటా తాగేశాం. నీళ్ళు కలపాలని ఆయన చెప్పాడో, చెప్పినా మేం విన్లేదో, ఇప్పటికీ గుర్తురాదు. ముందు పాటలు పాడాం. ఇంతలో మాతో గొర్రెలు కాసే లూకోన్ దబ్బున పడ్డాడు, ఎంత లేపినా లేవడే! నాకేమో ఒక్కో గొర్రె రెండుగా కనపడుతోంది. "విషం పెట్టాడ్రా, మంద తోలుకుపోడానికి!" అని ఎవరో అరిచారు. ఎవరో ఏంటిలే, నేనే. ఆయన నవ్వుతూ "కాసేపు పడుకోండ్రా, అదే దిగుతుంది" అంటాడు. ఆ నవ్వు చూసే మాకు ఒళ్ళు మండింది. చేతుల్లో కర్రలున్నాయి. ఎంతసేపు కొట్టామో తెలీదు.

తెల్లారాక లూకోన్ ఒళ్ళు విరుచుకుని లేచి, "అబ్బ, ఏం నిద్రరా! ఇకారియోస్ ఏడీ, ఇంకాస్త అడుగుదాం" అన్నాడు. చెట్టుకింద గొయ్యి తీసి ఆయన్ని పాతిపెట్టాం.

మూడోనాడు వాళ్ళమ్మాయి ఎరిగోనె వచ్చింది, కుక్కను వెంటబెట్టుకుని. తల్లిలేని పిల్ల. "బాబాయ్, మా నాన్న ఇటొచ్చాడా?" అంది. నిజం చెప్పడానికి నోరు రాలేదమ్మాయ్, పిరికివాణ్ణి. "వచ్చాడమ్మా, మాకందరికీ పోశాడు, చాలా బాగుంది, అలా సముద్రంవైపు వెళ్ళాడు" అన్నాను. పిల్ల మొహం వెలిగిపోయింది. "బాగుందా? నిజంగా? ఎవరికీ నచ్చదేమోనని రాత్రంతా నిద్రపోలేదు మా నాన్న!" అనేసి సముద్రందారి పట్టింది. కుక్క కదల్లేదు. చెట్టుకింద మట్టి తవ్వడం మొదలెట్టింది. దాన్ని పిలవడానికే వెనక్కొచ్చింది ఎరిగోనె. "అటు పోకమ్మా" అనైనా అనలేదు నేను. గోతిలోకి చూసింది. చాలాసేపు చూసి, "బాగుందన్నావుగా బాబాయ్" అంది. తిట్టలేదు, ఏడవలేదు. మర్నాడు మేం వెళ్ళేసరికి ఆ చెట్టుకే ఉరేసుకుని ఉంది.

పొయ్యి చూడమ్మా, ఆరిపోతున్నట్టుంది.