బ్రేకు పైపు మీది టేపు

ఎల్లారెడ్డిలో ఇస్మాయిల్ మెకానిక్ షెడ్డు. బానెట్ ఎత్తిన డీజిల్ కారు. డ్రైవర్ సీట్లో జోయల్.

“తొక్కు జోయల్. బ్రేకు మీదికెల్లి కాలు తియ్యకు.”

“తొక్కిన ఇస్మాయిల్ భాయ్. ఇగో, మళ్ల దడదడ మొదలుపెట్టింది. కాలు తీస్తే మంచిగనే నడుస్తది.”

“ఇంజిన్ బంద్ చెయ్. ఇప్పుడు నాలుగైదుసార్లు తొక్కు. ఆఁ... కాలు అట్లనే పెట్టి స్టార్ట్ చెయ్. పెడల్ కిందికి దిగిందా?”

“ఏడ దిగింది? రాయి లెక్క ఉంది.”

“దిగాలె మరి. గాలి గుంజే పైపు ఏడనో పలిగింది. డీజిల్ బండిల ఒక్క పంపే అటు బ్రేకుకు, ఇటు ఇంజిన్‌కు గాలి గుంజాలె. పైపు పలిగితే నువ్వు బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంజిన్ గిట్ల ఆగమైతది.”

“జల్ది చెయ్ భాయ్. రేపటికి మమ్ముల కన్న అవ్వ పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నం. కామారెడ్డి పోయి పాస్టరయ్యను తీస్కరావాలె.”

“బ్రేకు లేని బండిల అయ్యగారిని తీస్కొస్తవా? ఏడాది సంది గిట్లనే నడుపుతున్నవా?”

“లేదు. ముట్టబుద్ధి కాలే. గుద్దుకున్న కాడ డెంటింగ్ చేయించి ఇంటి ముందట పెట్టిన. నిన్ననే తీసిన.”

“అంటే మీ అవ్వ సాలవ్వ పోయిన్నాడు గూడ బ్రేకు గిట్లనే ఉండెనా?”

“గా ముచ్చటెందుకు ఇప్పుడు?”

“అడుగుతున్న. ఉండెనా లేదా?”

“ఆ రోజు మా తమ్ముడు కల్లు తాగి నడిపిండు. అవ్వను ముందట కూసోబెట్టుకొని రోడ్డు పక్క మోరీ గోడకు గుద్దిండు. వాడే ఒప్పుకున్నడు గద, చర్చిల సంఘం ముంగట నిలబడి! ‘తాగిన, అవ్వను సంపుకున్న’ అని.”

“నువ్వు పక్కన నిలబడి ఒప్పించినవంట.”

“ఒప్పుకోకుంటే రొట్టె ఇచ్చే ప్రభువు బల్లకు రానియ్యమన్నరు సంఘం పెద్దలు. వాని మంచికే చెప్పిన. తప్పా?”

“మీ తమ్ముడు ప్రభుదాసు కల్లు తాగంగ నేనెన్నడు చూడలే. బ్రేకు గట్టిగైతుందని మాత్రం నాతోని చెప్పిండు. అన్న వింటలేడన్నడు.”

“వాడా? పని దొంగ! కామారెడ్డి కిరాయి అంటే సాలు, బండికి జ్వరం వచ్చేది. రోజూ అదే లొల్లి. ఎవ్వడు నమ్ముతడు?”

“ఇగో, దొరికింది. పైపు పలిగిన కాడ నల్ల టేపు చుట్టిండ్రు. గీ పని చేసినోడు మెకానిక్ అయితే కాదు. ఎవలు చుట్టిండ్రు జోయల్?”

“నాకేం తెలుసు? ప్రభుగాడే చుట్టుంటడు.”

“ఫోన్ చేసి అడుగుత.”

“వద్దు భాయ్, వద్దు. సంఘంల ఒప్పుకున్న ఆదివారం పోయినోడు మళ్ల గడప తొక్కలే. బీర్కూర్ మిల్లుల మూటలు మోస్తున్నడు. నా ఫోన్ గూడ ఎత్తడు.”

“నాదెత్తుతడు... హలో, ప్రభూ! నేను ఇస్మాయిల్‌ను. మీ అన్న నా పక్కన్నే ఉన్నడు, స్పీకర్ పెట్టిన. మీ బండి బ్రేకు పైపు పలిగి ఉంది. టేపు చుట్టి ఉంది.”

“తెలుసు భాయ్.”

“నువ్వే చుట్టినవా?”

“అన్ననే అడుగు.”

“ప్రభూ... షెడ్డుల ఇడిస్తే కిరాయిలు పోతయని నేనే చుట్టిన... జర ఆగుతదనుకున్నరా...”

“నేను చూసిన. అవ్వ గూడ చూసింది. నీకు కత్తెర అందిచ్చింది ఆమెనే.”

“మరి సంఘంల నోరెందుకు తెరవలే? అంతమంది ముంగట నేను నిన్ను తాగుబోతని అంటుంటే ఎందుకు ఊకున్నవురా? టేపు సంగతి ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద!”

“మోరీ కాడ అవ్వ నా ఒళ్లె పండుకొని ఉందన్నా. నా తలకాయకెల్లి నెత్తురు కారుతుంది. దెబ్బ తాకిందా బిడ్డా అని అడగలే. ‘టేపు సంగతి ఎవ్వలకు చెప్పకు, పెద్దోడు తట్టుకోడు’ అన్నది. గదే ఆమె ఆఖరి మాట.”